మందు ఆగకుండా చూసుకోవడం ఎలా: మహమ్మారి కాలంలో ఐబీడీ రోగులకు చెన్నై నుంచి కొన్ని సూచనలు

2020 మార్చి 24 రాత్రి దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు ఐబీడీ (పేగులో దీర్ఘకాలం ఉండే వాపు జబ్బు), అంటే క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లను మొదట పట్టుకున్న భయం వైరస్ గురించే. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నాం కాబట్టి కోవిడ్ సోకితే ఇక బయటపడలేమన్నది ఆ భయం. చెన్నైలో నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో మాత్రం ఆ తర్వాతి నెలల్లో రోగులను నిజంగా కుంగదీసింది వేరే సంగతి. కొందరికి మందు అందలేదు, కొందరు భయంతో తామే మానేశారు. వైరస్ సోకకుండానే పేగులో పుండ్లు తిరగబెట్టాయి, నెత్తురు విరేచనాలు మొదలయ్యాయి, ఏ ఆసుపత్రికి పోకూడదని మందు మానేశారో చివరికి అదే ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. మరో మహమ్మారి వచ్చినా, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చేసినట్టు నీళ్లు ముంచెత్తి నగరం స్తంభించినా, ఐబీడీ ఉన్న మనిషీ ఇంటివాళ్లూ ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలో, ఆ రోజుల్లో ఎలా నడుచుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. మోతాదుల నిర్ణయం ఎప్పుడూ మీ గ్యాస్ట్రో డాక్టరుదే. ఆయనను లేదా ఆమెను ఏమేం అడగాలో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది.

భయపడవలసింది దేనికి

ఐబీడీ ఉన్నవాళ్లలో శరీరపు రక్షణ వ్యవస్థ దారి తప్పి పేగు గోడ మీదే దాడి చేస్తుంది. అల్సరేటివ్ కొలైటిస్‌లో ఆ వాపు పెద్దపేగుకే పరిమితమవుతుంది. క్రోన్స్‌లో నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ లోపలి పొరలను దాటి లోతుకు పోవచ్చు. ఇది అంటువ్యాధి కాదు, చాలామందికి ఉండే ఐబీఎస్ (వాపు లేకుండా పేగు పనితీరు మాత్రమే గాడి తప్పే సమస్య) కూడా కాదు. ఈ దాడిని అదుపులో పెట్టడానికే మెసలమైన్, అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి మందులు ఏళ్ల తరబడి వాడవలసి వస్తుంది.

కోవిడ్ ప్రపంచమంతా వ్యాపిస్తున్న 2020 మార్చిలోనే వివిధ దేశాల వైద్యులు సెక్యూర్-ఐబీడీ పేరుతో ఒక నమోదు వ్యవస్థను ఏర్పాటు చేసి, వైరస్ సోకిన ఐబీడీ రోగుల వివరాలు పోగుచేశారు. 33 దేశాల నుంచి అందిన తొలి 525 మంది వివరాల్లో తేలిన ప్రధాన విషయం ఏమిటంటే, వయసు పైబడటం, ఇతర జబ్బులు తోడవడం, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు వాడుతుండటం అనే మూడూ కోవిడ్ తీవ్రతతో ముడిపడి కనిపించాయి. అందరూ భయపడిన ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ తరగతి ఇంజెక్షన్లకు అటువంటి సంబంధం కనిపించలేదు. తర్వాత పెరిగిన సమాచారంలో అజాథయోప్రిన్‌ను ఒంటరిగా గానీ ఆ ఇంజెక్షన్లతో కలిపి గానీ వాడేవాళ్లకు ముప్పు కొంత ఎక్కువని తేలింది. దీన్నిబట్టి రోగి తీసుకోవలసిన నిర్ణయం ఒక్కటే: స్టెరాయిడ్ అవసరం లేకుండా జబ్బును శమింపజేసి ఉంచుకోవడం. మందు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. తిరగబెట్టిన జబ్బుకు తరచూ ఇచ్చేది స్టెరాయిడే. భయంతో మంచి మందును మాని, అంతకంటే ముప్పున్న మందు దగ్గరికి మనమే నడిచి వెళ్తామన్న మాట.

ముందే సిద్ధం చేసుకోవలసిన కాగితం

లావుపాటి ఫైలు చాలామంది ఇళ్లలో ఉంటుంది. అత్యవసరంలో దాన్ని తిరగేసే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి, ఒకే ఒక్క పేజీలో సారాంశం రాసి డాక్టరు చేత సంతకం చేయించుకోండి. జబ్బు పేరు, ఏ సంవత్సరంలో బయటపడింది, పేగులో ఏ భాగానికి ఉంది, ఇప్పుడు వాడుతున్న మందుల అసలు పేర్లు, మోతాదులు, చివరి ఇంజెక్షన్ తేదీ, పడని మందులు, చేసిన ఆపరేషన్లు, చివరి కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) ఫలితం, క్షయ పరీక్ష, హెపటైటిస్ బి పరీక్షల ఫలితాలు అందులో ఉండాలి. మన దేశంలో పేగు క్షయ, క్రోన్స్ చూడటానికి ఒకేలా ఉంటాయి. పైగా ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి బయోలాజికల్ ఇంజెక్షన్లు దాగి ఉన్న క్షయను లేపగలవు. అందుకే కొత్త ఆసుపత్రిలో మొదట అడిగేది క్షయ గురించే.

బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు రాయడం ముఖ్యం, ఎందుకంటే సరఫరా దెబ్బతిన్నప్పుడు షాపువాడు వేరే కంపెనీది ఇస్తాడు. అజాథయోప్రిన్ విషయంలో సాధారణంగా అది పెద్ద సమస్య కాదు. మెసలమైన్ మాత్రలు మాత్రం కంపెనీని బట్టి పేగులో వేర్వేరు చోట్ల కరిగేలా తయారవుతాయి కాబట్టి, మారేటప్పుడు డాక్టరుకు ఒక మాట చెప్పాలి. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు అది వారానికి ఒక్కసారే అని, ఏ రోజో కూడా కలిపి, పెద్ద అక్షరాలతో రాసుకోవాలి. ఇంట్లో మందులిచ్చే మనిషి జ్వరంతో పడుకుని ఇంకొకరు ఆ పని చేపట్టినప్పుడు వారం మందు రోజువారీ మందుగా మారిపోతే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

ఆ పేజీని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. ఇంగ్లిషులో ఉంటే చెన్నైలో ఏ డాక్టరైనా చదువుకుంటారు. తమిళం అంతగా రాని పెద్దవాళ్లు ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే మాటలతో పని లేకుండా ఆ కాగితమే చెబుతుంది. 108 అంబులెన్సు సిబ్బందికి కూడా అదే చూపించవచ్చు.

మాత్రలు, ఇంజెక్షన్లు

ఎప్పుడూ ఇంట్లో ఆరు వారాలకు తగ్గకుండా మాత్రలు ఉండేలా చూసుకోవడం నా దృష్టిలో సరైన పద్ధతి. అంతకంటే ఎక్కువ పోగుచేస్తే గడువు తేదీలు దాటిపోతాయి, ఇతరులకు కొరత కూడా వస్తుంది. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం, మిమ్మల్ని ముందే చూసిన డాక్టరు ఫోనులోనో వీడియోలోనో మాట్లాడి, సంతకం చేసిన చీటీ ఫోటోను మీకు పంపవచ్చు. ఆన్‌లైన్‌లో డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వపు ఈ-సంజీవని సేవ కూడా ఉంది. అయితే అందులో ఎదురయ్యే డాక్టరుకు మీ చరిత్ర తెలియదు కాబట్టి, ఉన్న మందును కొనసాగించడానికే తప్ప మార్పులకు దాన్ని నమ్ముకోకూడదన్నది నా అభిప్రాయం. అజాథయోప్రిన్ వాడేవాళ్లు రక్తకణాల పరీక్ష, లివర్ పరీక్ష డాక్టరు చెప్పిన గడువులో చేయించుకోవాలి. ల్యాబువాళ్లు ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్తారు.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ విషయంలో ఇబ్బంది ఎక్కువ. మొదటి డోసు తర్వాత రెండో వారం, ఆరో వారం, ఆపైన ప్రతి ఎనిమిది వారాలకు ఒకసారి ఆసుపత్రిలో సెలైన్ ద్వారా ఎక్కించుకోవలసిన మందు అది, సుమారు రెండు గంటలు పడుతుంది. విరామం చాలా పెరిగితే శరీరం ఆ మందుకే వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. మళ్లీ ఎక్కించినప్పుడు రియాక్షన్ రావచ్చు, లేదా మందు పనిచేయడం మానేయవచ్చు. అందుకని మీ ఆసుపత్రిని ఒకవేళ పూర్తిగా అంటువ్యాధి రోగులకే కేటాయిస్తే ఎక్కడికి వెళ్లాలో ముందే అడిగి పెట్టుకోండి. 2020లో చెన్నైలోని ఓమందూరార్ ప్రభుత్వ ఆసుపత్రిని అలాగే కోవిడ్‌కు కేటాయించారు.

నెల్లూరు, సూళ్లూరుపేట, పుత్తూరు ప్రాంతాల నుంచి చెన్నైకి వచ్చి మందు ఎక్కించుకునేవాళ్ల అవస్థ ఇంకో రకం. మాధవరం బస్టాండుకు బస్సులు ఆగిపోయి, తడ దగ్గర సరిహద్దు దాటడానికి ఈ-పాస్ అవసరమైన రోజుల్లో, డాక్టరు చీటీ, అపాయింట్‌మెంట్ రుజువు అప్‌లోడ్ చేస్తేనే వైద్య కారణం కింద అనుమతి దొరికేది. చెన్నైలోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ 2020 జూన్ 19 నుంచి 30 వరకు ఆంక్షలు మరింత బిగించారు. అందువల్ల మందు ఎక్కించే తేదీకి రెండు వారాల ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి, అపాయింట్‌మెంటును కాగితం మీద తీసుకుని ఉంచుకోవడం మేలు. తిరుపతిలోనో నెల్లూరులోనో అదే మందు ఎక్కించగల చోటు ఉందేమో మామూలు రోజుల్లోనే విచారించి పెట్టుకోవాలి.

అడాలిముమాబ్ రెండు వారాలకొకసారి ఇంట్లోనే వేసుకోగల ఇంజెక్షన్ కాబట్టి లాక్‌డౌన్‌లో అది అనుకూలం. కానీ దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలవ ఉంచాలి. మా తమ్ముడికి కొలైటిస్. వాడి ఇంజెక్షన్ డబ్బాకు మా ఫ్రిజ్‌లో ఒక చోటు ఉంది: మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో. తలుపు అరలో పెడితే తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఐసు గది కింద పెడితే గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకసారి గడ్డకట్టిన ఇంజెక్షన్ కరిగినా పనికిరాదు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచడం మొదటి పని. ఎంతసేపటికీ రాకపోతే, డీప్ ఫ్రీజర్‌లోని జెల్ ప్యాకులను పల్చటి తువ్వాలులో చుట్టి, ఇంజెక్షన్‌కు నేరుగా తగలకుండా మధ్యలో మడతపెట్టిన గుడ్డ ఉంచి, థర్మాకోల్ పెట్టెలో సర్దాలి. చిన్న థర్మామీటరు ఒకటి అందులో వేస్తే ఊహలతో పని ఉండదు. కొన్ని బ్రాండ్ల కరపత్రంలో 25 డిగ్రీల లోపు 14 రోజుల వరకు ఫ్రిజ్ బయట ఉంచవచ్చని రాసి ఉంటుంది. చెన్నైలో మే నెలలో ఏసీ లేకుండా 25 డిగ్రీల గది ఎక్కడ దొరుకుతుందో ఆ కరపత్రం రాసినవాళ్లకే తెలియాలి.

స్టెరాయిడ్ల గురించి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. మూడు వారాలకు మించి ప్రెడ్నిసొలోన్ వాడినవాళ్లు హఠాత్తుగా ఆపకూడదు. శరీరం సొంతంగా తయారుచేసుకునే కార్టిసాల్ అప్పటికే తగ్గి ఉంటుంది కాబట్టి రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పాత స్ట్రిప్పు ఇంట్లో మిగిలి ఉంది కదా అని తామే మొదలుపెట్టకూడదన్నది రెండోది. 2021 వేసవిలో వాట్సాప్‌లో తిరిగిన చీటీలు చూసి ఎందరో స్టెరాయిడ్లు మింగారు. అదుపులో లేని చక్కెర, స్టెరాయిడ్ కలిసిన చోట బ్లాక్ ఫంగస్ విజృంభించింది, ఆ మే నెలలో తమిళనాడు సహా పలు రాష్ట్రాలు దాన్ని తప్పనిసరిగా నివేదించవలసిన జబ్బుగా ప్రకటించాయి.

బాత్రూము, నీళ్లు, క్యూలు

బాత్రూము సంగతి చిన్నదిగా కనబడుతుంది గానీ, జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు రోజుకు ఎనిమిది పది సార్లు పరుగెత్తవలసిన మనిషికి ఇదే అసలు సమస్య. వాషర్‌మెన్‌పేట, షావుకారుపేట, పెరంబూరు వైపు పోర్షన్లలో ఉండే కుటుంబాలకు తరచూ ఒకే బాత్రూము, ఒక్కోసారి రెండు మూడు పోర్షన్లకు కలిపి ఒకటే. ఇంట్లో ఎవరికైనా కోవిడ్ వస్తే ఆ మనిషిని వేరే గదిలో ఉంచమని అందరూ చెబుతారు, బాత్రూమును ఎలా వేరు చేయాలో చెప్పేవారు లేరు. వైరస్ ఆనవాళ్లు మలంలోనూ కనిపించాయి కాబట్టి జాగ్రత్త అవసరమే. సాధ్యమైతే ఐబీడీ ఉన్న మనిషే ముందు వాడుకుని, సోకిన మనిషి చివర వాడేలా ఉదయపు వేళలు కుదుర్చుకోండి. అర్ధంతరంగా అవసరం వస్తే, సోకినవారు వాడాక కొంతసేపు కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, కుళాయి పిడి, గడియ, ఫ్లష్ మీట బ్లీచింగ్ ద్రావణంతో తుడిచాక లోపలికి వెళ్లాలి, మాస్కు తీయకూడదు. బకెట్టు, మగ్గు ఎవరివి వారికే ఉండాలి. పోర్షన్ ఇళ్లలో ఈ సంగతి పక్కింటివాళ్లతో ముందే మాట్లాడుకోకపోతే ఆ వేళకు తగవవుతుంది. జబ్బు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే పేగు సమస్య అని చెప్పినా చాలు.

నీళ్లు చెన్నైలో ఎప్పుడూ లెక్కే. మెట్రోవాటర్ లారీ వచ్చే వీధుల్లో ఉండేవాళ్లు, ఇంట్లో ఒకరికి విరేచనాలు ఎక్కువగా ఉన్నాయంటే రోజువారీ నిల్వకు ఒక డ్రమ్ము అదనంగా కలుపుకోవాలి.

లాక్‌డౌన్‌లో హోటళ్లు, మాల్స్ మూతపడితే బయట మరుగుదొడ్డి దొరకదు. రేషను షాపు, బ్యాంకు క్యూలకు ఐబీడీ ఉన్న మనిషిని పంపకండి. తప్పకపోతే పొద్దున్నే పేగు ఖాళీ అయ్యాక, ఒక జత బట్టలు, టిష్యూ, నీళ్ల సీసా సంచిలో పెట్టుకుని వెళ్లమనండి. ఆఫీసుకు రమ్మని ఒత్తిడి చేసే యజమానికి డాక్టరు చేత రెండు వాక్యాల ఉత్తరం రాయించి పంపవచ్చు.

విరేచనాలు మొదలైతే

కోవిడ్ వైరస్ శరీరంలో ప్రవేశించడానికి పట్టుకునే ఏసీఈ2 గ్రాహకాలు పేగులోనూ దండిగా ఉంటాయి. అందుకే కొందరికి దగ్గు కంటే ముందు విరేచనాలే వస్తాయి. అది కోవిడా, తిరగబెట్టిన ఐబీడీయా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చలేం. నెత్తురు, జిగట పడుతుంటే, రాత్రి నిద్రలో లేచి పరుగెత్తవలసి వస్తుంటే ఐబీడీ వైపు అనుమానం మొగ్గుతుంది. వాసన తెలియకపోవడం, గొంతునొప్పి, ఇంట్లో మరొకరికి జ్వరం ఉంటే వైరస్ వైపు. కోవిడ్ పరీక్షతో పాటు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును చూపే ప్రొటీన్), ఇన్‌ఫెక్షన్ల పరీక్ష, రక్తంలో సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే పరీక్ష) చేయిస్తే డాక్టరుకు దారి తెలుస్తుంది. అవసరం లేకుండా అజిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్స్ మింగితే క్లోస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పెరిగి జబ్బును మరింత రేపవచ్చు. జ్వరానికి, ఒళ్లునొప్పులకు పారాసెటమాల్ వాడండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ పేగుకు మంచివి కావు.

డాక్టరు అందేలోపు ఓఆర్ఎస్ ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి. పల్చటి గంజి, ఇడ్లీ, మెత్తటి అన్నం పడతాయి. పెరుగు, మజ్జిగ పడేవాళ్లకు అవీ సరే. పీచు ఎక్కువున్న కూరలు, కారం ఆ కొద్దిరోజులు పక్కన పెట్టండి, పేగు సన్నబడిన క్రోన్స్ రోగులకు ఇది మరీ అవసరం.

రోజుకు ఆరు లేదా అంతకు మించి నెత్తురు విరేచనాలు అవుతూ, దానితో పాటు నాడి నిమిషానికి 90 దాటినా, జ్వరం 37.8 డిగ్రీలు మించినా అది తీవ్రమైన కొలైటిస్ కిందికి వస్తుంది, ఆసుపత్రిలో చేరవలసిందే. కడుపు ఉబ్బి గట్టిపడటం, వాంతులు ఆగకపోవడం, మూత్రం తగ్గిపోవడం, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, ఆక్సిమీటరు 94 కంటే తక్కువ చూపించడం, ఇవేవీ టెలిమెడిసిన్‌తో సరిపెట్టుకోదగినవి కావు. ఐబీడీ ఉధృతి, కోవిడ్ రెండూ రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతాయి కాబట్టి కాలు వాపును తేలిగ్గా తీసుకోవద్దు. ఆసుపత్రికి పోతే కోవిడ్ అంటుకుంటుందన్న భయం ఇక్కడ చెల్లదు.

కోవిడ్ నిర్ధారణ అయితే సాధారణంగా మెసలమైన్ కొనసాగుతుంది. అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్, టోఫాసిటినిబ్ (రోగనిరోధక శక్తిని అణిచే మరో మాత్ర) వంటివి తాత్కాలికంగా ఆపమంటారు. బయోలాజికల్ ఇంజెక్షన్ తదుపరి డోసును కోలుకునేదాకా వాయిదా వేస్తారు. ఎప్పుడు ఆపాలన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలన్నదీ అంతే ముఖ్యం, ఆ తేదీని ఆ సంభాషణలోనే అడిగి రాసుకోండి. కోవిడ్‌కు ఇచ్చే మందుల్లో రిటోనవిర్ అనే మందు కలిసినది టోఫాసిటినిబ్, బ్యుడెసొనైడ్ (ఒక స్టెరాయిడ్) వంటి వాటితో పొసగదు కాబట్టి ఆ డాక్టరుకు మీ ఒక్క పేజీ కాగితం తప్పక చూపించాలి.

టీకాలు, ఇంటి చిట్కాలు

కోవిషీల్డ్‌లో గానీ కోవాగ్జిన్‌లో గానీ మనలో వృద్ధి చెందగల వైరస్ లేదు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవాళ్లు కూడా వాటిని తీసుకోవచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడేవాళ్లలో టీకా తర్వాత యాంటీబాడీలు తక్కువగా పుట్టినట్టు బ్రిటన్‌లో జరిగిన క్లారిటీ అధ్యయనం చూపింది. దాని అర్థం టీకా వృథా అని కాదు, బూస్టరు విషయంలో వీళ్లు వెనకబడకూడదని. ఏటా ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా, హెపటైటిస్ బి టీకా మామూలు రోజుల్లోనే వేయించుకోవాలి. తట్టు, ఆటలమ్మ టీకాల వంటి సజీవ టీకాలు మాత్రం ఈ మందులు వాడుతుండగా తీసుకోకూడదు, అందుకే జబ్బు బయటపడిన కొత్తలో, బలమైన మందులు మొదలుపెట్టకముందే టీకాల లెక్క చూడమని డాక్టరును అడగాలి.

2020లో నెల్లూరు నుంచి మా పిన్ని ఫోన్ చేసి, "ఒరే, తిప్పతీగ కషాయం రోజూ తాగరా, ఇమ్యూనిటీ పెరుగుతుంది" అని తమ్ముడికి చెప్పింది. ఇక్కడ తమిళనాడు ప్రభుత్వం అప్పట్లో కబసుర కుడినీర్ అనే సిద్ధ వైద్య కషాయం పంచింది. ప్రేమతో చెప్పిన మాటను కాదనడం కష్టమే. కానీ ఐబీడీలో రక్షణ వ్యవస్థ తక్కువై జబ్బు రాలేదు, అదుపు తప్పి వచ్చింది, దాన్ని ఇంకా రెచ్చగొట్టడం వల్ల మేలేమీ లేదు. పైగా తిప్పతీగ వాడిన కొందరిలో లివర్ దెబ్బతిన్నట్టు ముంబై వైద్యులు 2021లో నివేదించారు, ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు. వివాదం ఎలా తేలినా, అజాథయోప్రిన్ వల్ల అప్పటికే లివర్ పరీక్షలు చేయించుకుంటున్న మనిషి దాని జోలికి పోకపోవడమే మంచిదని నేనంటాను. పిన్నికి మాత్రం "డాక్టరు వద్దన్నారు పిన్నీ" అంటే ఇంకో మాట ఉండదు.

మహమ్మారి అల తగ్గాక

వాయిదా పడిన పరీక్షలను వరసలో పెట్టడం చివరి పని. కొలైటిస్ పెద్దపేగులో ఎక్కువ భాగానికి ఉండి, మొదలై ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు క్యాన్సర్ ఛాయలు చూసే కొలనోస్కోపీ ముందు వరసలోకి రావాలి. జబ్బు శమించి ఉండి మామూలు తనిఖీ మాత్రమే కావలసినవాళ్లు కొంత ఆగవచ్చు. లాక్‌డౌన్‌లో ఫోను మీదే మోతాదు మార్చినవాళ్లు మొదటి అవకాశంలో నేరుగా కనబడి బరువు, రక్తహీనత, కాల్‌ప్రొటెక్టిన్ చూపించుకోవాలి. ఆసుపత్రులు తెరిచిన మొదటి వారాల్లో అపాయింట్‌మెంట్లకు రద్దీ ఉంటుంది కాబట్టి, ఆంక్షలు సడలుతున్నాయన్న వార్త రాగానే ఫోన్ చేసి పేరు నమోదు చేయించుకోండి. ఒక్క పేజీ కాగితం మీద తేదీలు, మందులు కొత్తగా రాసి, పాతది చించేయండి.